గడి చిన్నదైతే చూపు పెరిగినట్టేనా?

6 కిలోమీటర్ల ‘భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్’ చెప్పగలిగేదెంత, చెప్పలేనిదెంత

దేశ వాతావరణ అంచనాల చరిత్రలో 2025 మే 26 ముఖ్యమైన తేదీ. ‘భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్’ను కేంద్ర మంత్రి జితేంద్ర సింగ్ ఆ రోజు న్యూఢిల్లీలో జాతికి అంకితం చేశారు. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించిన ఈ నమూనా ఉష్ణమండలాన్ని 6 కిలోమీటర్ల గడులుగా విభజించి లెక్క కడుతుంది. అంతవరకూ వాడుకలో ఉన్న నమూనా గడి 12 కిలోమీటర్లు. అమెరికా, బ్రిటన్, ఐరోపా కేంద్రాల ప్రపంచ నమూనాలు 9 నుంచి 14 కిలోమీటర్ల గడులతో నడుస్తున్నాయని, వాటికంటే భారత నమూనా సూక్ష్మమైనదని ప్రభుత్వం ప్రకటించింది. పంచాయతీ స్థాయి వరకూ అంచనాలు అందించడానికి ఇది తోడ్పడుతుందని చెప్పింది.

సాధించినది చిన్నదేమీ కాదు. అయితే ఈ ప్రకటన విన్న రైతు, మత్స్యకారుడు, జిల్లా కలెక్టర్ దాన్ని ఎలా అర్థం చేసుకుంటారన్నది వేరే ప్రశ్న. 6 కిలోమీటర్ల గడి అంటే ప్రతి 6 కిలోమీటర్లకూ ఒక నమ్మదగిన అంచనా వస్తుందని సామాన్యుడు అనుకోవడం సహజం. ఆ లెక్క వెనుక ఉన్న గణితం మాత్రం అంత హామీ ఇవ్వదు. గడి పరిమాణం వేరు, నమూనా చూపు వేరు. ఈ తేడా తెలియకపోతే హెచ్చరికను అతిగా నమ్మడమో, ఒకసారి తప్పగానే పూర్తిగా కొట్టిపారేయడమో జరుగుతుంది. రెండూ ప్రాణాల మీదకు తెచ్చేవే.

సూత్రాలు పాతవి, సాధన కొత్తది

వాతావరణ అంచనా అంటే మూలంలో ప్రవాహాన్ని లెక్కించడమే. గాలి, నీరు రెండూ శాస్త్ర పరిభాషలో ‘ప్రవాహులు’. వాటి కదలికను వర్ణించే సమీకరణాలు 19వ శతాబ్దిలోనే రూపుదిద్దుకున్నాయి. ఫ్రెంచి ఇంజినీరు నేవియర్, ఐర్లండ్‌లో జన్మించిన గణితవేత్త స్టోక్స్ పేర్లతో అవి ప్రసిద్ధం. ప్రవాహంలోని ప్రతి చిన్న భాగం తనపై పనిచేసే బలాలను బట్టి వేగం మార్చుకుంటుందన్నదే వాటి సారాంశం. న్యూటన్ చెప్పిన సూత్రాన్నే గాలికీ నీటికీ అన్వయించారన్న మాట.

చిక్కంతా సాధనలో ఉంది. ప్రవాహపు వేగం ఆ వేగాన్నే ఒకచోటు నుంచి మరోచోటుకు మోసుకుపోతుంది. పెద్ద సుడి చిన్న సుడులుగా, అవి ఇంకా చిన్న సుడులుగా విడిపోతాయి. ఇటువంటి సమీకరణాలను కాగితం మీద సూటిగా సాధించడం అతి సరళమైన సందర్భాల్లో తప్ప కుదరదు. మూడు దిశల ప్రవాహంలో వీటికి ఎల్లవేళలా సక్రమమైన సాధన ఉంటుందా అన్న ప్రశ్నకే ఇంకా జవాబు దొరకలేదు. క్లే గణిత సంస్థ 2000లో ఒక్కోదానికి 10 లక్షల డాలర్ల బహుమతి ప్రకటించిన 7 ప్రశ్నల్లో ఇదొకటి.

సూటి దారి మూసుకుపోయినప్పుడు శాస్త్రవేత్తలు ఎంచుకున్న పక్క దారే సంఖ్యాత్మక పద్ధతి. ఆకాశాన్ని గడులుగా, పొరలుగా కోస్తారు. ప్రతి గడికీ గాలి వేగం, పీడనం, ఉష్ణోగ్రత, తేమ అనే నాలుగైదు అంకెలు కేటాయిస్తారు. పక్క గడుల అంకెలను చూసి, కొన్ని సెకన్లో నిమిషాలో గడిచాక ఈ గడిలో అంకె ఎంతవుతుందో కూడికలు, గుణకారాలతో కడతారు. ఆ ఫలితంతో మళ్లీ తర్వాతి అడుగు. ఇలా వందల, వేల అడుగులు వేస్తే రేపటి వాతావరణం, ఎల్లుండి వాతావరణం బయటపడతాయి.

కోసే తీరులో తేడాలున్నాయి. పక్కపక్క బిందువుల విలువల మధ్య భేదాలతో లెక్కించడం ఒక పద్ధతి. ప్రతి గడిలోకి ఎంత వచ్చింది, ఎంత పోయింది అని జమాఖర్చు రాయడం మరొకటి. జమాఖర్చు పద్ధతిలో నీటి ఆవిరి లెక్కలో ఎక్కడా మాయం కాదు, ఊరికే పుట్టదు. మొత్తం క్షేత్రాన్ని పెద్దా చిన్నా అలల మొత్తంగా విడగొట్టడం మూడోది. భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ ఈ మూడో కోవకు చెందినదే. అలల లెక్కను గడుల లెక్కతో జోడించడానికి అది భూగోళంపై అష్టముఖి ఆకారం నుంచి మలచిన గడుల అల్లికను వాడుతుంది.

145 మిల్లీబార్ల పాఠం

ఈ మార్గంలో తొలి అడుగు వేసిన బ్రిటిష్ శాస్త్రవేత్త లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్‌కు కంప్యూటర్ లేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్స్‌లో అంబులెన్స్ దళంలో పనిచేస్తూ, 1910 మే 20 నాటి వాతావరణాన్ని చేత్తోనే లెక్కించారు. 6 గంటల్లో పీడనం 145 మిల్లీబార్లు పెరుగుతుందని ఫలితం వచ్చింది. వాస్తవంలో ఆ రోజు పీడనం దాదాపు మారనే లేదు. తన వైఫల్యాన్ని దాచకుండా 1922లో పుస్తకంగా ప్రచురించడం ఆయన గొప్పతనం. సమీకరణాల్లో దోషం లేదని తర్వాతి పరిశోధకులు తేల్చారు. మొదట ఎక్కించిన గాలి, పీడనం కొలతలకు ఒకదానితో ఒకటి పొంతన లేకపోవడమే అసలు కారణం. ఆరంభ కొలత తప్పితే ఎంత చక్కని లెక్కయినా పక్కదారి పడుతుందన్న ఆ పాఠానికి ఇప్పటికీ కాలం చెల్లలేదు.

రెండో పాఠం 1928లో జర్మనీ నుంచి వచ్చింది. కూరాంట్, ఫ్రెడ్రిక్స్, లెవీ అనే ముగ్గురు గణితవేత్తలు ఒక షరతు నిరూపించారు. లెక్కలో ఒక అడుగుకూ మరో అడుగుకూ మధ్య గడిచే కాలంలో గాలి గానీ అల గానీ ఒక గడిని మించి దాటిపోకూడదు. దాటితే అంకెలు అదుపు తప్పి అనంతంగా పెరిగిపోతాయి. సెకనుకు 100 మీటర్ల వేగంతో వీచే ఎగువ గాలి 12 కిలోమీటర్ల గడిని 2 నిమిషాల్లో దాటితే, 6 కిలోమీటర్ల గడిని ఒక్క నిమిషంలోనే దాటేస్తుంది. అంటే గడిని సగానికి తగ్గిస్తే కాలపు అడుగును కూడా సగానికి తగ్గించాలి. ఈ షరతును కొంత సడలించే పద్ధతులు తర్వాత వచ్చాయి కానీ, మరీ పెద్ద అడుగు వేస్తే కచ్చితత్వం దెబ్బతింటుంది.

భారత నమూనాకు అంత పెద్ద యంత్రం ఎందుకు కావలసి వచ్చిందో ఇక్కడే అర్థమవుతుంది. గడి సగమైతే పొడవులో రెట్టింపు, వెడల్పులో రెట్టింపు, కాలపు అడుగుల్లో రెట్టింపు. మొత్తం పని 8 రెట్లవుతుంది. 6 కిలోమీటర్ల నుంచి 1 కిలోమీటరుకు దిగాలంటే అదే సూత్రం ప్రకారం 216 రెట్లు. భూగోళమంతా 6 కిలోమీటర్ల గడులు పరిస్తే ఒక్కో పొరకే సుమారు 1 కోటీ 42 లక్షల గడులు పడతాయి. ఈ భారాన్ని మోయడానికే పుణేలో 11.77 పెటాఫ్లాప్‌ల ‘అర్క’, నోయిడాలో 8.24 పెటాఫ్లాప్‌ల ‘అరుణిక’ సూపర్ కంప్యూటర్లు వచ్చాయి. రూ.850 కోట్ల ఈ వ్యవస్థను 2024 సెప్టెంబరు 26న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. ఒక పెటాఫ్లాప్ అంటే సెకనుకు వెయ్యి లక్షల కోట్ల లెక్కలు.

చూపు ఎంత దూరం?

ఇంత శ్రమపడి గడిని 6 కిలోమీటర్లకు తెచ్చాక 6 కిలోమీటర్ల వెడల్పున్న మేఘం కనిపిస్తుందా అంటే, కనిపించదు. ఒక అలను గుర్తుపట్టాలంటే దాని ఎత్తునూ పల్లాన్నీ పట్టుకునేందుకు వరుసగా కొన్ని బిందువులు కావాలి. ఒకటి రెండు బిందువులతో ఆకారం తేలదు. పైగా లెక్క అదుపు తప్పకుండా ఉండేందుకు అతి చిన్న అలలను నమూనాలే కావాలని అణచివేస్తాయి. అందువల్ల నమూనా నమ్మకంగా చూపగల అతి చిన్న ఆకారం గడి పరిమాణానికి సుమారు 6 నుంచి 8 రెట్లు ఉంటుందని వాతావరణ శాస్త్రంలో స్థూల నియమం. ఆ ప్రకారం 6 కిలోమీటర్ల నమూనా చూపు 40 కిలోమీటర్ల పరిసరాల్లో ఆగుతుంది. అది చాలాచోట్ల పంచాయతీ కంటే, మండలం కంటే కూడా పెద్ద ప్రాంతం.

కుండపోత కురిపించే క్యుములోనింబస్ మేఘంలో పైకి ఎగసే గాలి స్తంభం వెడల్పు కొన్ని కిలోమీటర్లే. అది గడిలోనే ఇమిడిపోతుంది కాబట్టి దాన్ని నేరుగా లెక్కించడం సాధ్యం కాదు. గడి సగటు తేమ, ఉష్ణోగ్రతలను బట్టి లోపల ఎంత మేఘం పుట్టి ఉండవచ్చో ఒక ఉజ్జాయింపు సూత్రంతో కడతారు. నమూనాల మధ్య వాన అంచనాలు ఎక్కువగా తేడా పడేది ఈ ఉజ్జాయింపుల దగ్గరే. 6 కిలోమీటర్ల స్థాయికి మరో ఇబ్బంది ఉంది. మేఘాన్ని పూర్తిగా ఉజ్జాయింపుకు వదిలేయడానికి ఈ గడి మరీ చిన్నది, నేరుగా లెక్కించడానికి మరీ పెద్దది.

సగటు ఎంతటి మాయ చేస్తుందో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. 36 చదరపు కిలోమీటర్ల గడిలో 9 చదరపు కిలోమీటర్ల మీద 20 సెంటీమీటర్ల వాన పడి, మిగిలినచోట చినుకు కూడా రాలలేదనుకుందాం. గడి సగటు 5 సెంటీమీటర్లు. నమూనా ఆ 5 సెంటీమీటర్లను కచ్చితంగా చెప్పినా, మునిగిన ఊరికి అది తక్కువ హెచ్చరిక. ఎండిన ఊరికి తప్పుడు హెచ్చరిక.

తుపాను దొరికింది, వాన జారింది

ఏ అంచనా ఎందుకు ఫలిస్తోందో కూడా ఈ కొలతే చెబుతుంది. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన వేలమందిని బలిగొన్నది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నంపైనే తీరం దాటిన హుద్‌హుద్ నగరాన్ని అతలాకుతలం చేసినా, ముందస్తు హెచ్చరికలు, తరలింపుల వల్ల ప్రాణనష్టం ఆ స్థాయికి చేరలేదు. తుపాను వందల కిలోమీటర్ల వెడల్పున్న సుడి. దాన్ని నడిపించే గాలులు ఇంకా విశాలమైనవి. నమూనా చూపుకు అది పూర్తిగా అందుతుంది. అందుకే తుపాను దారిని రోజుల ముందే పట్టుకోగలుగుతున్నారు.

2025 అక్టోబరు చివర వచ్చిన మొంథా తుపాను ఇందుకు రెండు వైపులా ఉదాహరణ. మచిలీపట్నం, కళింగపట్నం మధ్య కాకినాడ పరిసరాల్లో తీరం దాటుతుందని వాతావరణ శాఖ ముందే హెచ్చరించింది. 28వ తేదీ రాత్రి అది నరసాపురం సమీపంలో తీరం దాటింది. మరునాడు దాని అవశేషం లోపలి భూభాగంలో వరంగల్, హనుమకొండ ప్రాంతాలను ముంచెత్తింది. తుపాను దారి చెప్పడం ఒక ఎత్తు. బలహీనపడిన తుపాను ఏ జిల్లాలో ఏ గంటకు ఎంత కుమ్మరిస్తుందో చెప్పడం మరో ఎత్తు. రెండోది గడికంటే చిన్న మేఘాల కథ.

వాన నేలను తాకాక లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో విజయవాడను ముంచింది కృష్ణా నది కాదు, బుడమేరు వాగు. ప్రకాశం బ్యారేజీ వద్ద రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కులు ప్రవహిస్తున్న సమయంలోనే బుడమేరు కట్టకు గండ్లు పడి నగరంలోని కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. వాగులో నీరు ఎంత ఎత్తున, ఎంత వేగంతో వస్తుందో లెక్కించే సమీకరణాలను ఫ్రెంచి ఇంజినీరు సెయింట్ వెనాంట్ 1871లోనే ప్రకటించారు. అయితే గండి వెడల్పు, వీధి వాలు, మురుగు కాలువ లోతు ఆ లెక్కకు తెలియాలంటే గడి కిలోమీటర్లలో కాదు, పదుల మీటర్లలో ఉండాలి. అందుకు కావలసింది సూపర్ కంప్యూటర్ కంటే ముందు నేల ఎత్తుపల్లాల నిఖార్సయిన పటం, ఆక్రమణలకు గురైన వాగు నేటి కొలత, కట్ట ప్రస్తుత స్థితి. ఇవి వాతావరణ శాఖ పరిధిలోనివి కావు. జలవనరుల శాఖ, పురపాలక సంఘాల దగ్గర ఉండవలసినవి.

అవసరమైనచోటే గడిని చిన్నది చేయడం ఎలాగో హైదరాబాద్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం పనిలో చూడవచ్చు. ఉప్పెన అంచనాకు అక్కడ వాడే నమూనాలో గడులు సమానంగా ఉండవు. నడి సముద్రంలో పెద్ద త్రిభుజాలు, తీరానికి చేరువయ్యే కొద్దీ చిన్న త్రిభుజాలు. సునామీ విషయంలో మరో ఉపాయం. భూకంపం వచ్చాక లెక్క మొదలుపెడితే ఆలస్యమవుతుంది కాబట్టి, ఎక్కడ ఎంత తీవ్రతతో కంపిస్తే అలలు ఎలా వస్తాయో అనేక సందర్భాలను ముందే లెక్కించి భద్రపరిచారు. భూకంపం నమోదు కాగానే దగ్గరి సందర్భాన్ని తీసి హెచ్చరిక ఇస్తారు.

కృత్రిమ మేధ వచ్చాక

ఇంత భారీ లెక్కలు ఇకపై అవసరమా అన్న ప్రశ్న కూడా మొదలైంది. గూగుల్ డీప్‌మైండ్ సంస్థ 2023లో ప్రచురించిన ‘గ్రాఫ్‌కాస్ట్’ 10 రోజుల అంచనాను ఒక్క నిమిషంలోపే ఇస్తుంది. ఐరోపా మధ్యకాలిక వాతావరణ అంచనా కేంద్రం 2025 ఫిబ్రవరిలో తన కృత్రిమ మేధ నమూనాను రోజువారీ సేవలోకి తెచ్చింది. అదే ఏడాది ఖరీఫ్‌లో కేంద్ర వ్యవసాయ శాఖ 13 రాష్ట్రాల్లోని దాదాపు 3.8 కోట్ల మంది రైతులకు రుతుపవనాల రాకపై ఇటువంటి నమూనాల ఆధారంగా సందేశాలు పంపింది.

ఈ యంత్రాలు సమీకరణాలను సాధించవు. గతాన్ని చదివి పోలికలు పట్టుకుంటాయి. అయితే అవి చదివిన దశాబ్దాల గతం కూడా సంఖ్యాత్మక నమూనాలు కొలతలను అల్లి తయారుచేసిన సమాచారమే. సమీకరణాల చెట్టు ఎండిపోతే ఈ పండ్లు ఎంతోకాలం కాయవు. పైగా గత ఉదాహరణలకు దగ్గరగా ఉండాలన్న శిక్షణ వల్ల కొన్ని నమూనాలు తీవ్రమైన వానలను మెత్తబరిచి చూపుతాయి. ఎన్నడూ చూడని విపత్తు వాటికి కొత్త. రైతులకు పంపిన సందేశాల వెనుక ఉన్న నమూనాల్లో ఒకటైన ‘న్యూరల్‌జీసీఎం’లో గాలి కదలికను పాత సమీకరణాలతోనే లెక్కించి, మేఘాల ఉజ్జాయింపును మాత్రం నేర్చుకున్న యంత్రానికి అప్పగించడం గమనార్హం.

భారత్‌కు ఈ విద్య అరువు సొమ్మేమీ కాదు. అమెరికా సూపర్ కంప్యూటర్ల కోసం ఆంక్షల మధ్య బేరాలు సాగుతున్న రోజుల్లోనే, 1986లో బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల ‘ఫ్లోసాల్వర్’ పేరిట సమాంతర కంప్యూటర్‌ను నిర్మించింది. ప్రవాహ సమీకరణాలను సాధించడమే దాని పని అని పేరే చెబుతుంది. అప్పట్లో ఆ సంస్థకు సంచాలకులు ప్రముఖ ప్రవాహ శాస్త్రవేత్త రొద్దం నరసింహ. యంత్రాన్ని కొనవచ్చు, గడిలో ఏం జరుగుతోందో తెలిసిన మనుషులను తయారుచేసుకోవలసిందే.

అడగవలసిన ప్రశ్నలు

కొత్త నమూనా విలువను గడి అంకెతో కొలవడం ఇక మానాలి. మొదట అడగవలసింది పరీక్షా ఫలితాలు. 6 కిలోమీటర్లు, 25 కిలోమీటర్లు, 50 కిలోమీటర్ల పరిధుల్లో విడివిడిగా, ఒకటి, మూడు, అయిదు రోజుల ముందు ఇచ్చిన వాన అంచనా ఎన్నిసార్లు నిజమైంది, ఎన్నిసార్లు తప్పింది అన్నది ప్రతి రుతుపవన కాలం ముగిశాక జిల్లాలవారీగా ప్రజల ముందుంచాలి.

రెండోది, కంప్యూటర్ శక్తి పంపకం. 6 కిలోమీటర్ల నమూనాను ఒక్కసారి నడిపే ఖర్చుతో 12 కిలోమీటర్ల నమూనాను దాదాపు 8 సార్లు నడపవచ్చు. ఆరంభంలోని సూక్ష్మమైన తేడా రోజులు గడిచే కొద్దీ ఎంత పెద్దదవుతుందో 1963లో ఎడ్వర్డ్ లోరెంజ్ చూపించారు. అందుకే ఆరంభ కొలతలను కొద్దికొద్దిగా మార్చి నమూనాను అనేకసార్లు నడిపి, ఎన్నింటిలో భారీ వాన వచ్చిందో చూసి సంభావ్యత చెప్పే పద్ధతి వచ్చింది. 2018 నుంచి మన దేశంలో 12 కిలోమీటర్ల గడితో 21 నమూనాల సమూహం నడుస్తోంది. ‘రేపు 12 సెంటీమీటర్ల వాన’ అనే ఒక్క అంకె కంటే ‘10 సెంటీమీటర్లు దాటే అవకాశం 60 శాతం’ అనే మాట కలెక్టర్‌కు ఎక్కువ పనికొస్తుంది. తరలింపు ఖర్చును ముప్పుతో తూచి చూసుకునే వీలు ఇస్తుంది. సూక్ష్మత పేరుతో ఈ సమూహానికి కోత పడకూడదు.

మూడోది, కొలతలు. రిచర్డ్‌సన్ లెక్క తప్పింది ఆరంభ కొలతల దగ్గరే. 2025లో సుమారు 40గా ఉన్న డాప్లర్ రాడార్లను 100కు పెంచాలన్న ప్రణాళిక, మండల స్థాయి వర్షమాపకాల నిర్వహణ, వాగుల మీద నీటిమట్టం కొలిచే సాధనాలు కంప్యూటర్ ప్రారంభోత్సవాల్లా పతాక శీర్షికల్లోకి రావు. గడి ఎంత చిన్నదైనా అందులో నింపేది ఇవి చెప్పే అంకెలనే.

భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ ముందడుగే. 12 కిలోమీటర్ల గడిలో నునుపుగా కరిగిపోయిన కనుమల వాలు, తీరపు వంపు 6 కిలోమీటర్ల గడిలో కొంత నిజరూపానికి వస్తాయి. దాంతో కొండ వాలున కురిసే వాన, తీరం వెంట పుట్టే మేఘం అంచనాలు మెరుగుపడాలి. అంతవరకే చెబితే ప్రజలు నమ్ముతారు. ప్రతి పంచాయతీకీ వాన గడియను చెబుతామంటే మాత్రం, మొదటి వర్షానికే తప్పిన ఊళ్లు కొన్ని ఉంటాయి. తర్వాత నిజమైన ఉప్పెన హెచ్చరిక వచ్చిన రోజున ఆ ఊళ్లు ఇళ్లు వదిలి కదలాలంటే, ఈలోగా హెచ్చరిక మీద నమ్మకం చెదరకూడదు.